పుచ్చకాయ ఐసు

డాన్‌కాస్టర్ దాటాక, రింగురోడ్డు చివర, రేకుల షెడ్డు.
పొద్దున్న ఆరింటికి బెల్టు కదులుతుంది.
ఊరంతా తిని, తాగి, విసిరేసినవి
డాక్టరు పిలిచినట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.

పాల సీసాలు రాసావి. అట్టలు యోరిస్‌వి.
నాకిచ్చినవి బొటనవేలంత రంగు పుల్లలు,
గులాబీవి, నిమ్మపచ్చవి, నెమలికంఠం రంగువి.
ఏరి ఇసక బక్కెట్టులో వెయ్యాలి.
మొదటి వారం లిప్‌స్టిక్కులనుకున్నాను.
"వేపులు," అంది డెనీస్,
"లోపల బ్యాటరీ ఉంటుంది. నలిగిందో, అంటుకుంటుంది."
వేపు అంటే నాకు వేపుడే గుర్తొచ్చింది.
వేపుకు తినడమని తరవాత తెలిసింది.

మామిడి అని రాసున్నదాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
బంగినపల్లా? సువర్ణరేఖా?
చెట్టు మొహం చూడనివాడెవడో
ఫోన్లో విని చేసిన మామిడి.

టీకి పది నిమిషాలు. యూరప్ అంతా మా బెంచీ మీదే.
రాసా అంటుంది: మా లిథువేనియాలో రుచులన్నీ తీసేశారు,
పొగాకు రుచొక్కటే మిగిల్చారు,
అయినా మా అక్క కొడుకు నోరు తెరిస్తే పుదీనా.
యోరిస్: మా బెల్జియంలో వాడి పారేసేవి మీకంటే ముందే ఆపాం, అని కాలరెగరేస్తాడు.
వాళ్ళ తమ్ముడు మాత్రం
సరిహద్దవతలి పెట్రోలు బంకు పేరు ఇంకా మర్చిపోలేదట.
డెనీస్ చాలాసేపు మాట్లాడదు.
ముప్పై ఏళ్ళు సిగరెట్టు. క్లినిక్కులో నర్సే చేతిలో పెట్టింది దీన్ని.
"నాకు మెట్లెక్కడం తిరిగొచ్చింది," అంటుంది.
ఎవర్ని తిట్టాలో తెలీక నేను బిస్కట్టు ముంచుకుంటాను,
అది టీలో పడిపోతుంది.

మా నాయనమ్మ అప్పలనరసమ్మ అడ్డపొగ తాగేది.
చుట్ట వెలిగించి
నిప్పున్న కొసని నోట్లోకి తిప్పేది.
గాలికి ఆరిపోదని ఒకసారి,
మగాళ్ళకి కనపడదని ఒకసారి చెప్పేది.
నోట్లో నిప్పుతోనే చేపలు బేరమాడేది,
కోడళ్ళని తిట్టేది, లెక్క తప్పేది కాదు.
అంగిట్లో తెల్లగా ఓ మచ్చ.
ఏ సర్కారూ ఆమె నోరు తెరిపించి చూడలేదు.

ఫిబ్రవరిలో ఒకటి నా చెయ్యి దాటిపోయింది.
ప్రెస్సులో నలిగి, అట్టల్లోకి పాకి,
మూడు ఫైరింజన్లొచ్చేదాకా షెడ్డు దగ్గుతూనే ఉంది.
రాసా కనుబొమ్మ సగం కాలింది.
ఇప్పటికీ ఆ సగం పెన్సిలుతో గీసుకుంటుంది,
నా వంక చూడకుండా.
ఆ రాత్రి పడుకుని
దాని రంగేమిటా అని గుర్తుచేసుకున్నాను. రాలేదు.

జూన్‌లో చట్టమొచ్చింది. వాడి పారేసేవి ఇక అమ్మకూడదు.
బెల్టు తేలికవుతుందని డెనీస్ కేకు తెచ్చింది.
జూలైలోనూ అవే. అదే గులాబీ, అదే నిమ్మపచ్చ.
అడుగున ఒక్క బెజ్జం కొత్తది, ఛార్జరు పెట్టుకోవడానికట.
ఎవరూ పెట్టిన గుర్తు లేదు, గీత కూడా పడలేదు.
చట్టం దూరిపోయేంత బెజ్జం.

నిన్న ఒక పెన్సిలు పౌచీ వచ్చింది, జిప్పు వేసే ఉంది.
సగం రబ్బరు, బస్సు పాసు, స్కేలు,
ఒక పుచ్చకాయ ఐసు.
అమ్మ కనిపెట్టి, ఏమీ అడక్కుండా
మొత్తం పారేసిందేమో.
లేదా మెట్ల మీద అమ్మ చప్పుడు విని ఆ పిల్లేనేమో.
కొసన నీలం దీపం ఇంకా మినుకుమంటోంది.
చెవి దగ్గర పెట్టుకున్నాను, ఎందుకో.
తరవాత ఇసకలో గుచ్చాను.

బెల్టు ఆగదు కదా, మిగతావన్నీ వెళ్ళిపోయాయి.
స్కేలు మాత్రం జేబులో వేసుకున్నాను.
పదిహేను సెంటీమీటర్లు.
ఒక చివరంతా చిన్న చిన్న పంటిగాట్లు.